రాజుగారి ఖజానా ఖాళీ అయిన చోట్లన్నీ చూసొచ్చాం

ఇంగ్లండులో, లండన్ దగ్గర స్లౌలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి నెల రోజులున్నాం, అందరూ లండన్ ఐ, మేడమ్ టుస్సాడ్స్ అంటుంటే మా ఆయన (గుంటూరులో లాయరు, ముప్పయ్యేళ్ళ ప్రాక్టీసు) మాత్రం రాజులకి కళ్ళెం వేసిన చోట్లు చూపించమని పట్టుబట్టారు. నాకు చరిత్ర మీద పెద్ద ఇంట్రెస్ట్ లేదు కానీ తిరిగిన కొద్దీ ఒకటి అర్థమైంది, ఆ దేశంలో రాజు ఎప్పుడూ మంచి బుద్ధి పుట్టి తగ్గలేదు, డబ్బు అయిపోయినప్పుడే తగ్గాడు. ప్రతి చోటా ఇదే కథ.

మొదట రన్నీమీడ్. మా వాడి ఇంటి నుంచి కార్లో అరగంట కూడా పట్టలేదు. ట్రైన్‌లో అయితే వాటర్లూ నుంచి ఎగమ్ స్టేషన్లో దిగి కొంచెం నడవాలి. ఎంట్రీ ఫ్రీ, పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. ముందే చెప్తున్నా, అక్కడ కోట లేదు, మ్యూజియం లేదు, థేమ్స్ పక్కన పచ్చిక బయలు, నెత్తి మీద హీత్రో విమానాలు, అంతే. 1215 జూన్ 15న ఇంగ్లండు రాజు జాన్ మాగ్నా కార్టాకి, అంటే రాజు కూడా చట్టానికి లోబడాలనే ఒప్పంద పత్రానికి, ఒప్పుకుంది ఈ గడ్డి మీదే. ఫ్రాన్సు వైపు ఉన్న నార్మండీ పోగొట్టుకున్నాడు, దాన్ని తిరిగి తెచ్చుకుందామని జమీందార్ల మీద పన్ను మీద పన్ను వేశాడు, 1214లో ఆ యుద్ధం కూడా ఓడిపోయాడు, ఇంక వాళ్ళు కత్తులు పట్టుకుని వచ్చారు. సంతకం పెట్టాడు అంటారు గానీ సంతకం కాదట, సీలు వేశారు.

అక్కడ గుడిలాంటి చిన్న మంటపం ఉంటుంది, అది కట్టించింది ఇంగ్లీషు వాళ్ళు కాదు, 1957లో అమెరికా లాయర్ల సంఘం! మా ఆయన ఆ మాట విని ఛాతీ విరుచుకున్నారు. నాకు నచ్చింది మాత్రం బయలు మధ్యలో ఉన్న 12 కంచు కుర్చీలు, 2015లో పెట్టారు, వాటి మీద కూర్చోవచ్చు కూడా. ఒకదాని మీద మన కార్నీలియా సొరాబ్జీ బొమ్మ ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివిన మొదటి ఆడమనిషి. ఆవిడ దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. వర్షం పడితే తల దాచుకునే చోటు తక్కువ, బురద కూడా ఉంటుంది, చెప్పులతో వెళ్ళకండి.

ఇంతా చేసి ఆ ఒప్పందం మూడు నెలలు కూడా నిలవలేదు, ఆగస్టులోనే పోపు చేత రద్దు చేయించుకున్నాడు జాన్. మరుసటి ఏడాది ఆయనే పోయాడు, తొమ్మిదేళ్ళ కొడుకు గద్దె ఎక్కాడు, ఆ పిల్లాడి తరపున పాలించే వాళ్ళకి మద్దతు కావాలి కాబట్టి ఆ పత్రాన్ని మళ్ళీ బయటికి తీశారు. పాత ప్రోనోటుని తిరగ రాసినట్టు తిరగ రాస్తూనే ఉన్నారు.

అసలు కాగితం (తోలు అనాలి) చూడాలంటే సాలిస్‌బరీ వెళ్ళాలి. 1215 నాటివి నాలుగే మిగిలాయి, రెండు లండన్లో బ్రిటిష్ లైబ్రరీలో, ఒకటి లింకన్లో, ఒకటి ఇక్కడి కెథీడ్రల్లో. వాటర్లూ నుంచి గంటన్నర ట్రైను. అడుగు పైచిలుకు తోలు ముక్క మీద చీమల బారుల్లా లాటిన్, చీకటి గుడారంలో పెట్టారు, ఫోటోలు తీయనివ్వరు. సీలు ఊడిపోయి ఎప్పుడో పోయింది. ఏ స్వేచ్ఛా పౌరుణ్ణీ చట్ట ప్రకారం తీర్పు లేకుండా పట్టుకోకూడదు అనే 39వ క్లాజు దగ్గర మా ఆయన పావుగంట నిలబడ్డారు, నేనడిగా, మరి కూలీనాలీ సంగతేంటండీ అని. వాళ్ళలో చాలామంది భూస్వాముల కట్టుబానిసల్లాంటి వాళ్ళే, స్వేచ్ఛా పౌరుల లెక్కలోకే రారు అన్నారు. నాకు అక్కడ సగం మోజు పోయింది, నిజం చెప్పాలంటే.

ఆ రాత్రి ఉన్న బస పేరు చెప్పను గానీ, మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు, బుకింగ్‌లో ఆ ముక్క లేదు, నా మోకాళ్ళు గోల పెట్టాయి. ఓనరమ్మ మాత్రం పొద్దున్నే మాకు వెజ్ టిఫిన్ విడిగా చేసి పెట్టింది, ఆవిడ కోసం క్షమించేశా. పెద్దవాళ్ళుంటే గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ అడిగి మరీ తీసుకోండి. ఒక రోజు ట్రిప్‌గా కూడా అయిపోతుంది, కానీ సాయంత్రం పాటల ప్రార్థన ఫ్రీ, దాని కోసం ఉండటం మాకు దండగ అనిపించలేదు.

ఇంక వెస్ట్‌మినిస్టర్. పార్లమెంటు టూరు టికెట్టు ఒక్కోటి మూడు వేల రూపాయల దగ్గర పడింది, ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, సెక్యూరిటీ మన ఎయిర్‌పోర్టు లాగే. రేటు ఎక్కువే గానీ డబ్బులు వసూలు అయ్యాయి. సెయింట్ స్టీఫెన్స్ హాల్లో నేల మీద ఇత్తడి గుర్తులుంటాయి, కామన్స్ సభ (మన లోక్‌సభ లాంటిది) అప్పట్లో ఇక్కడే కూర్చునేది, అది స్పీకర్ కుర్చీ ఉన్న చోటు. పదకొండేళ్ళు పార్లమెంటే పిలవకుండా లాక్కొచ్చిన మొదటి చార్లెస్ రాజు, ఓడరేవు ఊళ్ళు కట్టే ఓడల పన్నుని దేశమంతటా వసూలు చేసి, స్కాట్లాండుతో యుద్ధానికి డబ్బు చాలక మళ్ళీ పార్లమెంటుని పిలిచి, 1642 జనవరి 4న ఐదుగురు సభ్యుల్ని అరెస్టు చేద్దామని సైనికుల్ని వెంటేసుకుని ఇక్కడికే వచ్చాడు, వాళ్ళు అప్పటికే జారుకున్నారు. ఎక్కడయ్యా అంటే స్పీకర్ లెంథాల్ మోకాళ్ళ మీద కూర్చుని, సభ చూడమంటే తప్ప నాకు కళ్ళు లేవు, చెప్పమంటే తప్ప నోరు లేదు అన్నాడట. అప్పట్నించి రాజు కామన్స్ సభలోకి అడుగు పెట్టడు. రాజు పంపిన మనిషి వస్తే మొహం మీదే తలుపు వేస్తారు, అతను కర్రతో మూడుసార్లు కొట్టాలి. తలుపు మీద ఆ దెబ్బల గుంట నేను కళ్ళారా చూశా.

కింద వెస్ట్‌మినిస్టర్ హాల్లో మెట్ల మీద ఒక ఇత్తడి రేకు, పార్లమెంటుతో యుద్ధంలో ఓడిపోయాక 1649 జనవరిలో చార్లెస్‌ని విచారించిన చోటు. ఏ అధికారంతో నన్ను విచారిస్తున్నారు అని అడిగాడు గానీ ఆరోపణలకి మాత్రం చార్లెస్ జవాబే ఇవ్వలేదట. మన దేశంలో గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్ కేసు కూడా ఈ హాల్లోనే, 1788 నుంచి 1795 దాకా సాగదీసి వదిలేశారు. మన సివిల్ కోర్టులే నయం అన్నా, మా ఆయనకి కోపం వచ్చింది.

చివరిది బాంక్వెటింగ్ హౌస్, వైట్‌హాల్లో, పది నిమిషాల నడక. అది కొన్ని రోజులే తెరుస్తారు, మేం చూసుకోకుండా వెళ్ళాం, తప్పు మాదే. రూబెన్స్ వేసిన పైకప్పు బొమ్మలు చూడలేకపోయాం. 1649 జనవరి 30న చార్లెస్ తల తీసింది దీని ముందే. నలభై ఏళ్ళు దాటిన రెండు వారాలకి, 1689 ఫిబ్రవరిలో, ఆయన మనవడు విలియమ్‌కీ మనవరాలు మేరీకీ కిరీటం ఇస్తామని చెప్పి ముందు షరతులు చదివి వినిపించింది కూడా ఈ లోపలి హాల్లోనే. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను లేదు, శాంతి రోజుల్లో సైన్యం లేదు, చట్టాన్ని పక్కన పెట్టే హక్కు లేదు. తాత తల పోయిన ఇంట్లో కూర్చుని ఇవి వింటే ఎవరైనా సరే అంటారు కదా.

రోడ్డుకి అటుపక్క హార్స్ గార్డ్స్ గడియారంలో రెండు అంకె దగ్గర నల్ల మచ్చ ఉంటుంది, చార్లెస్ తల తీసిన గంటకి గుర్తట. మా ఆయన కళ్ళజోడు మార్చుకుని దాన్ని వెతుక్కుంటుంటే వెనక మా పన్నెండో నంబరు బస్సు వెళ్ళిపోయింది.