మూడేళ్ల మింట్: ఇన్‌స్టాల్ అయ్యాకే అసలు పని

ఆంధ్రా సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మాది జెరాక్స్, టైపింగ్ కొట్టు. పొద్దున పాతపట్నం వాళ్ల తెలుగు శుభలేఖ, మధ్యాహ్నం ఒడియా దరఖాస్తు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 21, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, ఎక్కించి మూడేళ్లు దాటింది.

ఇన్‌స్టాల్ అరగంటలో అయింది. సర్దుకోవడానికి రెండు రోజులు పట్టింది. వైఫై రాలేదు. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి ఫోన్ నెట్ ఇచ్చాక, కావాల్సిన డ్రైవర్లు వెతికిపెట్టే డ్రైవర్ మేనేజర్ దారి చూపించింది. బయటి నుంచి నెట్ ద్వారా చొరబాట్లను ఆపే ఫైర్‌వాల్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేసుకోవాలి.

నాకు ముఖ్యం కీబోర్డు. భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌తో పాటు మన భాషల కీబోర్డులుండే ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, రెండు భాషలకూ ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక పెట్టాను. ఇంగ్లీషు కె మీట కొడితే తెలుగులోనూ ‘క’, ఒడియాలోనూ ‘క’. హెచ్ కొడితే రెంటిలోనూ ‘ప’. తెలుగులో చేయి తిరిగితే ఒడియా కొత్తగా నేర్వక్కర్లేదు. ఈ ఒక్క సుఖం కోసమైనా ఆ రెండు రోజులు దండగ కాదు. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో మాత్రం మన లిపుల ఫాంటు ‘కాంప్లెక్స్ టెక్స్ట్’ కింద విడిగా ఎంచాలి. అది తెలియక ఓ పూటంతా తల పట్టుకున్నాను.

పాత శుభలేఖలన్నీ, ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదివించే యూనికోడ్‌లో కాకుండా, పాత రకం ఫాంట్లలో ఉన్నాయి, అందుకే విండోస్‌నీ ఉంచాను. దాంతో ఇంకో తంటా: మింట్ వాడి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి! మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైము పెడుతుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. టెర్మినల్‌లో ఒక్క ఆదేశంతో సర్దుకుంది.

అన్నిటికంటే ముందు పెట్టుకోవాల్సింది టైమ్‌షిఫ్ట్, అంటే సిస్టమ్ నకలు (స్నాప్‌షాట్) దాచి, పాడైతే వెనక్కి తెచ్చే సాధనం. దాన్ని నేను ఆఖర్న పెట్టాను. అయినా అదే కాపాడింది. నిరుడు ఖాళీ జాగా కోసం ఏదో వీడియో చూసి, మింట్ లోపల వాడుకునే పైథాన్‌ని తీసేశాను, డెస్క్‌టాపే పోయింది. నల్లటి తెర చూసి ఓ పెద్దాయన "ఏటి బాబూ, పాడైపోనాదా?" అన్నారు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పాత స్నాప్‌షాట్ తెస్తే ఆయన టీ తాగి వచ్చేలోగా లేచింది. ఫైళ్లు చెక్కు చెదరలేదు. కానీ మామూలుగా టైమ్‌షిఫ్ట్ మన ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని దాచదు. డిస్కే పోతే శుభలేఖలూ పోతాయి, అందుకని వాటిని వారానికోసారి వేరే డిస్కులోకి ఎక్కిస్తున్నాను.

ఈ వెర్షన్‌కి 2027 దాకా అప్‌డేట్లు వస్తాయి. అప్పటికైనా ఆ పాత శుభలేఖల్ని యూనికోడ్‌లోకి మార్చి విండోస్ తీసేయాలి. ఇప్పటికి పదో పదకొండో అయ్యాయి.