కొంకి పురుగు ఏ జాతిదో తేల్చాలంటే: తలా, తోకా, డీఎన్‌ఏనా?

నక్కకో పునుగు పిల్లికో పోస్ట్‌మార్టం చేస్తే పేగులో కొంకి పురుగులు (హుక్‌వార్మ్‌లు) దొరికాయి. జాతి తేల్చడానికి తల చూడాలా, మగపురుగు తోక చూడాలా, నేరుగా డీఎన్‌ఏకి పంపేయాలా? వెటర్నరీ పీజీ పిల్లలు ఏటా అడిగేదే ఇది. నా ఓటు తలకే. తోకలో జాతి గుర్తులుండేది మగపురుగుకే, దొరికిన నాలుగు పురుగులూ ఆడవే అయితే తోక ఎందుకూ పనికిరాదు. తల ఇద్దరికీ ఉంటుంది కదా!

నోటి అంచున మూడు జతల పళ్లుంటే యాన్సిలోస్టోమా కెనైనమ్ అనే జాతిని అనుమానించాలి. పళ్లకు బదులు కోత పలకలుంటే అన్సినేరియా అనే మరో రకం కొంకి పురుగు కావచ్చు. ఇంతవరకూ తేలికే.

రెండు జతలు కనిపించాయంటే టెన్షన్ మొదలు. 1911లో పరాన్నజీవుల శాస్త్రవేత్త లూస్ సిలోన్ పునుగు పిల్లిలో దొరికిన పురుగుకి యాన్సిలోస్టోమా సెయ్‌లానికమ్ అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు దాన్ని బ్రెజిలియెన్స్ అనే మరో యాన్సిలోస్టోమా జాతిలో కలిపేశారు. 1951లో బియోక్కా అనే శాస్త్రవేత్త మళ్లీ విడదీసేదాకా రెండూ ఒకటేనన్నారు. తలలో చూడాల్సింది లోపలి పన్ను: సెయ్‌లానికమ్‌లో స్పష్టంగా పెద్దది, బ్రెజిలియెన్స్‌లో మరీ చిన్నది. ఇదేమీ చాదస్తం కాదు. సెయ్‌లానికమ్ మనిషి పేగులోనూ పెరిగి గుడ్లు పెడుతుంది. బ్రెజిలియెన్స్ పిల్లపురుగు మాత్రం మన చర్మం కింద పాకి, దురద పెట్టి, అక్కడితో ఆగిపోతుంది.

పురుగు పక్కకి పడుకుంటే బయటి పెద్ద పన్ను చాటున లోపలిది దాక్కుంటుంది. ల్యాక్టోఫినాల్‌లో పారదర్శకం చేసి, కవర్‌స్లిప్‌ని మెల్లగా జరుపుతూ వీపు పైకి వచ్చేదాకా దొర్లించండి. కొంకి పురుగు నోరు వీపువైపు తిరిగి ఉంటుంది కాబట్టి పళ్లు అప్పుడే ఎదురుగా కనిపిస్తాయి. అయినా తేలకపోతే బ్లేడుతో తల కోసి నిలబెట్టి చూడాలి.

పిల్లి జాతి జంతువుల్లో తల చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. పిల్లుల్లో ఉండే యాన్సిలోస్టోమా ట్యూబీఫార్మేకీ కెనైనమ్‌లాగే మూడు జతల పళ్లే. అప్పుడు మగపురుగు తోక దగ్గరి స్పిక్యూల్స్ (జతకట్టేటప్పుడు వాడే సన్నటి ముళ్లు) పొడవు కొలవక తప్పదు, కెనైనమ్ కంటే దీనికి పొడవెక్కువ.

బతికున్న పులి నుంచి మామూలుగా మనకు దొరికేది మలమే. ఈ యాన్సిలోస్టోమా జాతుల గుడ్లన్నీ చూపుకి దాదాపు ఒకేలా ఉంటాయి, అక్కడ డీఎన్‌ఏదే పైచేయి. కానీ ఏళ్ల తరబడి ఫార్మలిన్‌లో నానిన సీసాల దగ్గర దాన్ని పెద్దగా నమ్ముకోలేం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అంటారా, ఫొటోలు అందంగా వస్తాయి, అంతే.

కాబట్టి తాజా పురుగుల్ని ఆల్కహాల్‌లోనే వేయండి. నడుము ముక్క డీఎన్‌ఏకి పంపి, తలా తోకా స్లైడ్‌కి ఉంచుకోండి. మొత్తం పురుగుని రుబ్బి పంపేస్తే, రిపోర్ట్ మీద అనుమానం వచ్చినప్పుడు తిరిగి చూడటానికి ఏమీ మిగలదు.