కంప్రెసర్ మార్చి మూడేళ్లయింది: పాలసీసాతో కొలిచిన ఆయిల్

నా కారులో ఇప్పుడున్న ఏసీ కంప్రెసర్, అంటే గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు, బిగించింది 2022 ఏప్రిల్‌లో. తిరుపతి జిల్లా కొత్తగా ఏర్పడిన నెల అది, అందుకే తేదీ మర్చిపోను. అప్పటి నుంచి 58 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదటి మూడు నెలలు దాన్ని దండగ సరుకని తిట్టుకోని రోజు లేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా దాని ఊసే ఎత్తలేదు. మధ్యలో మారింది కంప్రెసర్ కాదు, లోపలి ఆయిల్ లెక్క. కాబట్టి ఇది కంప్రెసర్ మీద రాస్తున్న సమీక్షే అయినా, ఎక్కువ భాగం ఆయిల్ గురించే ఉంటుంది.

నాది పసుపు బోర్డు డీజిల్ బండి, 2014 మోడల్. రైల్వే స్టేషన్ దగ్గర యాత్రికులను ఎక్కించుకుని కొండకు, తిరుచానూరుకు, కాళహస్తికి, కాణిపాకానికి తిప్పుతాను. అప్పుడప్పుడు చెన్నై ఎయిర్‌పోర్టు. రోజుకు ఎనిమిది గంటలు ఏసీ ఆడుతూనే ఉంటుంది. ఆదివారం గుడికి మాత్రమే బండి తీసేవాళ్లకు నా అనుభవం మొత్తం పనికిరాకపోవచ్చు, కానీ ఆయిల్ లెక్క అందరికీ ఒకటే.

పాతది ఎలా పోయిందో ముందు చెప్పాలి. 2019 నుంచి ప్రతి ఎండాకాలం కూలింగ్ తగ్గేది. గ్యాస్ పట్టించేవాణ్ని, ఆ సీజన్ గడిచిపోయేది. మూడుసార్లు అలా పట్టించాను. కంప్రెసర్ నుంచి వచ్చే పైపు జాయింటు దగ్గర ఎప్పుడూ కాస్త జిడ్డు ఉండేది, దాని మీద దుమ్ము పట్టి నల్లగా కనిపించేది. బండి కడిగే కుర్రాడు శ్రద్ధగా తుడిచేవాడు, నేను మెచ్చుకునేవాణ్ని. ఆ జిడ్డు కంప్రెసర్ ఆయిలేనని, గ్యాస్ కారే చోటే అదీ కారుతోందని నాకు చెప్పినవాడు లేడు.

ఇంజన్‌కు ఉన్నట్టు ఏసీకి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఉండదు. ఆయిల్ ఒక్కచోట నిలవ కూడా ఉండదు. గ్యాస్‌తో కలిసి కండెన్సర్ (వేడిని బయటికి వదిలేది), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ను సన్నగా వదిలేది), కూలింగ్ కాయిల్ (కారు లోపలి గాలిని చల్లబరిచేది) అన్నీ తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు వస్తుంది. ఏ క్షణంలో చూసినా కొంత కంప్రెసర్‌లో, మిగతాది దారి పొడవునా ఉంటుంది. గ్యాస్ పోతే మళ్లీ నింపుతాం. దాంతోపాటు పోయిన ఆయిల్‌ను ఎవరూ నింపరు. మూడు ఎండాకాలాలు నేను చేయించింది అదే.

మదనపల్లె నుంచి తిరిగి వస్తుంటే భాకరాపేట ఘాట్‌లో కిర్రుమని శబ్దం, వెంటనే రబ్బరు కాలిన వాసన. ఏసీ ఆపేస్తే వాసన తగ్గింది. అద్దాలు దించుకుని ఇంటికొచ్చాం. పంపు పట్టేసింది.

అది ఎండాకాలం, సెలవుల సీజన్, బండి ఒక్కరోజు ఆగితే నాకు నష్టం. దగ్గర్లో ఉన్న ఒక షాపులో ఇచ్చేశాను. పూటలో కొత్త కంప్రెసర్ బిగించి, వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలి లాగేసి), గ్యాస్ పట్టించి ఇచ్చారు. కంప్రెసర్‌కు 13,500 తీసుకున్నారు. పాతది నా చేతికే ఇస్తే డిక్కీలో పడేశాను. ఆయిల్ సంగతి అడిగానన్న తృప్తి మాత్రం నాకుంది. "కొత్తదాంట్లోనే వస్తుందన్నా. అయినా ఇంకో రెండు మూతలు పోసినా. ఎక్కువుంటే పంపుకు మంచిదే కదా" అన్నాడు కుర్రాడు. నాకూ అది సబబుగానే తోచింది. పూరీల మూకుడులో నూనె ఎక్కువుంటే పూరీకి మంచిదే కదా.

బయట 34 డిగ్రీలున్న రోజు పర్వాలేదు. 40 దాటిన రోజు మధ్యాహ్నం కాళహస్తి దారిలో ముందు సీటుకు చల్లగా, వెనుక సీటుకు ఉత్త గాలి. ఒక గుంటూరు పెద్దావిడ గంటసేపు ఓపిక పట్టి, "బాబూ, ఏసీ వేశావా, ఫ్యానేనా?" అని అడిగింది. ఆ రోజే మూడు వందలు పెట్టి చిన్న థర్మామీటర్ కొని మధ్య వెంట్‌లో గుచ్చాను. 41 డిగ్రీల ఎండలో, బండి పరుగులో ఉండగా 15 చూపించింది. ఆగి ఉంటే 19.

షాపుకు వెళ్తే గ్యాస్ తక్కువన్నారు. తీసి మళ్లీ పట్టించారు. ఇంకోసారి వెళ్తే గ్యాస్ ఎక్కువైందన్నారు. మూడోసారి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చారు. 15 కాస్తా 14 అయింది. కంప్రెసరే డూప్లికేట్ అయ్యుంటుందని నేను తీర్మానించుకున్నాను.

జూలైలో తోటి డ్రైవరొకాయన రేణిగుంట రోడ్డు సందులో ఉన్న ఒక ముసలి మేస్త్రి దగ్గరికి పంపాడు. చిన్న రేకుల షెడ్డు. ఆయన బానెట్ ఎత్తలేదు, ప్రెషర్ గేజ్ పెట్టలేదు. మొదట అడిగింది ఒకే ప్రశ్న.

"పాత పంపులోంచి ఆయిల్ ఎంత వచ్చింది?"

"ఎవరూ కొలవలేదు మేస్త్రీ."

"పంపు ఉందా, పాత సామానుకు వేసేసినావా?"

డిక్కీలోంచి తీసి ఇచ్చాను. ఆయన అల్మారాలోంచి ఒక పసిపిల్లల పాలసీసా తీశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. పంపును దాని మీద వంచి, అటు ఇటు తిప్పి వంచుతూ పావుగంట కూర్చున్నాడు. సీసాలో అడుగున చేరింది 15 మి.లీ. కాటుక కలిపినట్టు నల్లగా ఉంది. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది నాకు చూపించాడు: బూడిద రంగు మెరుపు. లోపల అరిగిన అల్యూమినియం. "ఇది ముసలిదై చావలేదు సామీ, ఎండి చచ్చింది" అన్నాడు.

తర్వాత బండిలోని గ్యాస్ మిషన్‌తో లాగేసి, మూడు నెలల వయసున్న కొత్త కంప్రెసర్ దించి అదే పని చేశాడు. ఈసారి సీసాలో 90 దాటింది. నా కారు మొత్తం ఏసీకి, అంటే కంప్రెసర్, కండెన్సర్, కాయిల్, పైపులు అన్నిటికీ కలిపి కావాల్సింది 100 మి.లీ. ఆ అంకె ఆయన దగ్గరున్న చార్టులో ఉంది. పంపు ఒక్కదాంట్లోనే 90 ఉంటే బయట తిరిగేది ఎంతో మరి. కాయిల్ విప్పి ఫ్లషింగ్ ద్రావకం పంపితే కింద పెట్టిన డబ్బాలోకి జిడ్డు ధారగా వచ్చింది.

జరిగింది అప్పుడు అర్థమైంది. చాలా కంప్రెసర్లు అట్టపెట్టెలో వచ్చేటప్పుడే మొత్తం సిస్టమ్‌కు సరిపడా ఆయిల్‌తో వస్తాయి. పాత ఆయిల్ కొంత కాయిల్‌లో, కండెన్సర్‌లో అప్పటికే ఉంది. దాని మీద కొత్తది మొత్తం, ఆపైన ఆ కుర్రాడి రెండు మూతలు. ఎక్కువైన ఆయిల్ పంపును కాపాడుతుందనుకోవడమే పొరపాటు. అది కాయిల్ గొట్టాల లోపలి గోడలకు పొరలా పట్టుకుని చలిని బయటికి రానివ్వదు. గ్యాస్ ఉండాల్సిన చోటు ఆక్రమిస్తుంది, ప్రెషర్ పెంచుతుంది. మరీ ఎక్కువైతే పంపుకే ముప్పు: అది ఆవిరిని నొక్కడానికి చేసిన యంత్రం, ద్రవాన్ని నొక్కలేదు. గేజ్ చూసేవాడికి ఇదంతా గ్యాస్ తేడాలాగే కనిపిస్తుంది, అందుకే నా బండికి అన్నిసార్లు గ్యాస్ మార్చారు.

లెక్క కట్టే పద్ధతి మేస్త్రి చెప్పినట్టే రాస్తున్నాను. పంపు ఒక్కటే మారుస్తుంటే, పాతది ఆరోగ్యంగా ఉండి వేరే కారణంతో, క్లచ్ పోయో బేరింగ్ పోయో మారుస్తుంటే, దాంట్లోంచి ఎంత వచ్చిందో కొలవాలి. కొత్తదాంట్లోని ఆయిల్ మొత్తం ఒంపేసి, అంతే కొలత తాజా ఆయిల్ తిరిగి పోయాలి. పాతదాంట్లోంచి 45 వస్తే కొత్తదాంట్లో 45. ఒంటికి అంటుకుని రానిది కాస్త ఉంటుందని కొందరు పది కలుపుతారు. కానీ నా బండిలా పాతదాంట్లోంచి 15 వస్తే 15 పోయడం మూర్ఖత్వం. అంటే లీకులో పోయిందని అర్థం, అప్పుడీ లెక్క చెల్లదు. పంపు లోపల అరిగి పొడి రాలితే అసలే చెల్లదు. అంతా విప్పి, కడిగి, ఖాళీ చేసి, మొత్తం కొలత మొదటి నుంచి పోయాలి.

కడగడంలో ఇంకో మెలిక ఉంది. కాయిల్, పైపులు కడగవచ్చు. ఇప్పటి కండెన్సర్లలో దారులు వెంట్రుక సందుల్లా సన్నగా, పక్కపక్కనే ఉంటాయి. ఒక దారి మూసుకుపోతే ద్రావకం పక్క దారిలోంచి హాయిగా వెళ్లిపోతుంది, పొడి అక్కడే ఉంటుంది. అందుకే కండెన్సర్ కొత్తది వేయించాడు, 4,200. తేమ పీల్చే డ్రైయర్ దాంతోనే వచ్చింది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కొత్తదే కదా అన్నాను. జల్లెడ చూపించాడు, అప్పటికే బూడిద పట్టింది. అదీ మార్చాం. కంప్రెసర్ మాత్రం చేత్తో తిప్పి చూసి, నునుపుగా తిరుగుతోంది, ఉంచుకో అన్నాడు. నేను మార్చేద్దామన్నదే దాన్ని.

ఆయిల్ డబ్బా మా ముందే కోశాడు. ఎన్‌డీ ఆయిల్ 8, పీఏజీ అనే సింథటిక్ రకం, కారు ఏసీల ఆర్134ఏ గ్యాస్‌కు వాడేది. పీఏజీ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి మూత తీసి వారం ఉంచిన డబ్బాలోది వాడకూడదు. పాలసీసా ప్లాస్టిక్ సంచిలో ఎందుకుందో అప్పుడు తెలిసింది. పీఏజీలోనే 46, 100, 150 అని చిక్కదనం తేడాలుంటాయి, పంపు మీది స్టిక్కర్ చూసి తీసుకోవాలి. హైబ్రిడ్ బండ్ల కరెంటు కంప్రెసర్లకు ఇది అసలు పోయకూడదు, వాటి ఆయిల్ వేరే.

100లో 60 పంపులో పోసి, 40 కండెన్సర్‌లో పోశాడు. అంతా పంపులోనే పోస్తే మొదటి తిప్పుడుకే ద్రవం అడ్డుపడవచ్చట. బెల్టు వేసే ముందు పుల్లీ ముందున్న హబ్‌ను చేత్తో పన్నెండు సార్లు తిప్పాడు, నేను లెక్కపెట్టాను. జాయింట్లలో పెట్టే రబ్బరు ఓ రింగులన్నీ కొత్తవి, ఆయిల్ రాసి పెట్టాడు. ముప్పావుగంట వ్యాక్యూమ్. గ్యాస్ మాత్రం గేజ్ చూసి కాదు, బానెట్ కింది స్టిక్కర్‌లో ఉన్న గ్రాముల ప్రకారం కాటా మీద తూచి పట్టించాడు. కూలీతో కలిపి ఆ రోజు నాకు తొమ్మిది వేలు దాటింది. అంతకు ముందు షాపులో తగలేసింది వేరు.

మర్నాడు మధ్యాహ్నం అదే థర్మామీటర్: బయట 38, వెంట్‌లో 8.

ఇక మూడేళ్ల సంగతి. 2023, 24, 25 ఎండాకాలాలు మూడూ చూశాను. పరుగులో ఉంటే 8, 9 దాటలేదు. కొండకు వెళ్లే రెండో ఘాట్ రోడ్డులో అయిదుగురితో, లగేజీతో ఏసీ వేసుకునే ఎక్కుతాను. మలుపుల్లో ఇంజన్ కాస్త బరువుగా లాగుతుంది, ఎప్పుడూ లాగేదే. మొన్న జూన్‌లో పైపు మార్చేదాకా గ్యాస్ ఒక్కసారీ పట్టించలేదు. పంపు శబ్దం మొదటి రోజులానే ఉంది.

లోపం లేకపోలేదు. అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో ఇరవై నిమిషాలు నిలబడితే వెంట్‌లో 13, 14కు పోతుంది. అది ఆయిల్ తప్పు కాదు, కండెన్సర్ ఫ్యాన్ పాతబడింది. మార్చాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఇంకోటి, ఈ పద్ధతికి సమయం పడుతుంది. నా బండి రెండు రోజులు షెడ్డులో ఉంది. దర్శనం టికెట్లు చేతిలో పెట్టుకున్న పార్టీని వేరే బండికి అప్పజెప్పాల్సి వచ్చింది. సీజన్‌లో ఇది కష్టమే. అందుకే ఇప్పుడు నా తోటివాళ్లకు చెప్పేది, పంపు పోయేదాకా ఆగకండి, జాయింట్ల దగ్గర జిడ్డు కనిపించగానే వెళ్లండి అని. గ్యాస్ లాగే మిషన్ ఉన్నచోట, గ్యాస్‌తో పాటు బయటికొచ్చిన ఆయిల్ ఎంతో దాని సీసాలో కనిపిస్తుంది, అంత తిరిగి పోయమని అడగండి. కండెన్సర్ మారిస్తే 30, 40, కాయిల్ మారిస్తే 40, 50 దాకా కలపాల్సి ఉంటుంది. బండిని బట్టి మారుతుంది, చార్టు చూడమనండి. ఆయిల్ కలిపిన గ్యాస్ డబ్బాలు కూడా దొరుకుతున్నాయి. సరైన కొలత ఉన్న బండికి అవి ఏటేటా పట్టిస్తే మళ్లీ నా మొదటి మూడు నెలల కథే.

పాత షాపు మీద నాకిప్పుడు కోపం లేదు. ఆ కుర్రాడు ఆయిల్ దొంగిలించలేదు, ఎక్కువ పోశాడు. కొలవడం ఎవరూ నేర్పి ఉండరు.

మొన్న జూన్‌లో ఆ పాత పైపే మళ్లీ చెమర్చడం మొదలుపెట్టింది. 2022లో అది బాగానే ఉందనిపించి ఓ రింగులతో సరిపెట్టాం, అది నా పిసినారితనం. ఈసారి కడిగే కుర్రాడికి ముందే చెప్పి ఉంచాను, తుడవకుండా నన్ను పిలిచాడు. మేస్త్రి పైపు మార్చి, సూది తీసేసిన సిరంజితో కొత్త డబ్బాలోంచి 10 మి.లీ. లాగి అందులో పోశాడు. పైపు రేటు చూసి గుండె జారింది. బిల్లులో ఆయిల్‌కు వేసింది ముప్పై రూపాయలు.