డీఎస్3231 క్లాక్ మాడ్యూల్ కొనేవాళ్లు జాగ్రత్త!

కరెంటు పోయినా లైనక్స్ బోర్డులో టైమ్ నిలబడాలని ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్, అంటే సెల్‌తో టైమ్ లెక్కపెట్టే గడియారం చిప్) మాడ్యూల్ వెతుకుతున్నారా? ఇది చదివాక ఆర్డర్ పెట్టండి. నాకొచ్చిన డీఎస్3231 మాడ్యూల్‌లో సెల్ ఉబ్బిపోయి హోల్డర్ క్లిప్పును పైకి నెట్టేసింది.

లోపం బోర్డులోనే ఉంది. చౌకగా దొరికే ఈ నీలం బోర్డుల మీద జెడ్‌ఎస్-042 అని ఉంటుంది. వాటిలో ఒక డయోడ్, 201 అని రాసిన చిన్న రెసిస్టర్ కలిసి సెల్‌ను చార్జ్ చేస్తుంటాయి. అది రీచార్జబుల్ ఎల్‌ఐఆర్2032 కోసం పెట్టిన ఏర్పాటు. నాకు పంపిందేమో మామూలు సీఆర్2032. దాన్ని అసలు చార్జ్ చేయకూడదు, ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. బోర్డుకు 5 వోల్టులు ఇస్తే సెల్ దాకా దాదాపు 4.4 వోల్టులు వెళ్తాయి. 4.2 దాటకూడని ఎల్‌ఐఆర్ సెల్‌కు కూడా అది ఎక్కువే. 3.3 వోల్టులతో నడిపేవాళ్లకు ఈ బెడద లేదు. మిగతావాళ్లు ముందు ఆ 201 రెసిస్టర్ పీకేసి, కొత్త సీఆర్2032 వేసుకోండి.

చిప్ విషయంలోనూ మోసమే. ప్రకటనలో డీఎస్3231ఎస్‌ఎన్ ఫొటో పెట్టి, డీఎస్3231ఎం రకం పంపారు. ఎస్‌ఎన్ మామూలు వాతావరణంలో ఏడాదికి నిమిషం అటూ ఇటూ, ఎం అయితే రెండున్నర నిమిషాల దాకా తప్పొచ్చు. అడిగితే "టైమ్ చూపిస్తోంది కదండీ" అని కంప్లయింట్ మూసేశారు. ఇంకొందరు డీఎస్1307 అంటగడతారు. అదీ డీఎస్3231 లాగే బోర్డుకు 0ఎక్స్68 అడ్రస్‌లోనే కనిపిస్తుంది, లైనక్స్ డ్రైవర్ కూడా ఒకటే, కాబట్టి పైకి తేడా తెలియదు. దానికి టెంపరేచర్ సెన్సర్ ఉండదు. అసలు డీఎస్3231 అయితే హెచ్‌డబ్ల్యూమాన్‌లో (లైనక్స్‌లో సెన్సర్ రీడింగులు కనిపించే చోటు) గది వేడికి దగ్గరి అంకె రావాలి, చిప్ మీద వేలు ఆనించి రెండు నిమిషాలు ఆగితే అది పెరగాలి. పెరగకపోతే వెంటనే రిటర్న్ పెట్టండి.

ఐదు స్టార్ల రివ్యూలు చూసి మాత్రం నమ్మకండి. నెట్ ఉన్నంతసేపూ క్రోనీ అనే ప్రోగ్రామ్ నెట్ నుంచి టైమ్ తెచ్చి సరిదిద్దుతూనే ఉంటుంది, ఆర్‌టీసీ ఎంత చెత్తదైనా బయటపడదు. నెట్ లేని చోట బోర్డు రీబూట్ అయినప్పుడే అసలు టెన్షన్: లాగ్‌లలో టైమ్ వెనక్కి పోతుంది, సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇంకా అమల్లోకి రాలేదని ఎర్రర్ వస్తుంది. అందుకే రిటర్న్ గడువు ఉండగానే నెట్ తీసేసి, రాత్రంతా పవర్ ఆపి, పొద్దున హెచ్‌డబ్ల్యూక్లాక్ కమాండ్ చూపించే ఆర్‌టీసీ టైమ్‌ను ఫోన్‌తో పోల్చి చూడండి.