షవర్ దగ్గర సిలికాన్ మార్పిస్తున్నారా? పాతది చెత్తబుట్టలో కనబడేదాకా డబ్బులివ్వకండి

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. షవర్ గ్లాస్ కింద, టైల్స్ మూలల్లో నీళ్ళు దిగకుండా సందుల్లో పూసే రబ్బరు లాంటి సిలికాన్‌కి నల్ల బూజు పట్టిందని ఇంటికొచ్చి క్లీనింగ్ చేసేవాళ్ళని పిలిచి 3,200 రూపాయలిచ్చాను. పని చెడిపోయింది, డబ్బు పోయింది, అది ఒక ఎత్తు. ఆ రోజు మా అత్తయ్యకి ఊపిరాడక మేం పడ్డ భయం ఇంకో ఎత్తు. అది ఇంకొకరి ఇంట్లో జరగకూడదని రాస్తున్నా.

మాది మియాపూర్ వైపు ఐదో అంతస్తులో ఫ్లాట్. రెండు బాత్రూముల్లోనూ కిటికీ అంటూ లేదు, డక్ట్‌లోకి తెరుచుకునే చిన్న వెంటిలేటరే. వేసవిలో ట్యాంకర్ నీళ్ళు, మిగతా రోజుల్లో ఎక్కువగా బోరు నీళ్ళు. ఈ నీళ్ళలో సబ్బు సరిగ్గా నురగ రాదు, తెల్లటి జిడ్డులా మారి గ్లాసుకీ గోడకీ అంటుకుంటుంది. సిలికాన్‌ని బూజు తినదు, దాని మీద పేరుకున్న ఈ సబ్బు జిడ్డు, మన ఒంటి నూనె దానికి తిండి. వానాకాలంలో తడి ఆరదు కాబట్టి ఇక దానికి పండగే. జూన్‌లో చిన్న చిన్న చుక్కలుగా మొదలై ఆగస్టుకల్లా కాటుక గీసినట్టు నల్లగా అయిపోయింది. పాత టూత్‌బ్రష్‌తో తోమాను. అందరూ చెప్తున్నారని వంటసోడా, వెనిగర్ కలిపి పోశాను. బుసబుసా పొంగుతుంటే ఏదో పని జరుగుతున్నట్టే ఉంటుంది కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, చివరికి మిగిలేది ఒకరకం ఉప్పు కలిసిన నీళ్ళే. నలుపు ఇసుమంత కూడా కదల్లేదు.

అప్పుడు వీళ్ళని పిలిచాను. పేరు రాయను. ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడారు, ఫొటోలు పంపమన్నారు, రెండు బాత్రూములకీ బూజు తీసి కొత్త సిలికాన్ కొట్టి ఇస్తాం, ఆరు నెలల గ్యారంటీ అన్నారు. శనివారం పొద్దున ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకతను షవర్ మూలంతా బ్లీచ్ పోసి ఇరవై నిమిషాలు నాననివ్వాలని బయటికొచ్చాడు. అక్కడిదాకా బాగానే ఉంది. రెండో అతను ఈలోపు టైల్స్ మీద మరకలు తీస్తానని లేబుల్ లేని తెల్ల క్యాన్‌లోంచి ఆసిడ్ తీసి అదే బాత్రూమ్‌లో నేల మీద పోశాడు.

నిమిషం కూడా పట్టలేదు. ముక్కు, కళ్ళు మండిపోయే ఘాటు. ఆ బాత్రూమ్ అత్తయ్య గదికి అటాచ్డ్, ఆవిడకి ఆస్తమా, మంచం మీద కూర్చుని ఉన్నారు. దగ్గు మొదలై ఆగలేదు, మాట రావడం లేదు, గుండె పట్టుకుని నా వైపు చూస్తున్నారు. బాల్కనీలోకి తీసుకొచ్చి ఇన్‌హేలర్ ఇచ్చి, అయినా తగ్గకపోతే ఆటోలో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నెబ్యులైజర్ పెట్టారు, నాలుగు గంటలు ఉంచుకున్నారు. మేం గుమ్మం దాటుతుంటే ఆ అబ్బాయి నాతో అన్న మాట, "ఏం గాదు మేడమ్, గంటలో వాసన పోతది."

ఏం కాకపోవడం కాదండీ. బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. దానికి ఏ ఆసిడ్ తగిలినా క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, సైనికుల మీదికి వదిలిన గ్యాస్ ఇదే. వీధుల్లో క్యాన్లలో అమ్మే ఆసిడే అక్కర్లేదు, టాయిలెట్ కడగడానికి వాడే చాలా సీసాల్లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆసిడే. వెనిగర్, నిమ్మరసం కలిపినా అంతే. బ్లీచింగ్ పౌడర్ కూడా ఆ జాతిదే కాబట్టి దానికీ ఇదే లెక్క. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కలిస్తే ఇంకోరకం విషపు గ్యాస్ వస్తుంది. దేనికైనా బ్లీచ్ వాడితే అదొక్కటే వాడాలి, తర్వాత నీళ్ళతో బాగా కడిగాకే ఇంకోటి ముట్టుకోవాలి. పొరపాటున ఘాటు వస్తే దాన్ని కడుగుదామని లోపల నిలబడకండి, ముందు మనుషులందరూ బయటి గాలిలోకి రండి. క్లోరిన్ గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది, పిల్లలుంటే ఇంకా తొందరపడాలి.

అంతటితో ఆ ఆసిడ్ చేసిన నష్టం అయిపోలేదు. టైల్స్ మధ్య ఉండే గ్రౌట్ సిమెంటుతో చేసింది, ఆసిడ్ దాన్ని తినేస్తుంది. మా నేల మీద రెండు మూడు చోట్ల గ్రౌట్ ఇసుకలా రాలుతోంది. కుళాయి మీద క్రోమ్ మెరుపు కూడా మచ్చలు పడింది.

మేం ఆసుపత్రిలో ఉండగానే వాళ్ళు పని ముగించారు. మా వారు ఇంటికొచ్చి చూస్తే బాత్రూములు రెండూ తెల్లగా, కొత్తగా మెరిసిపోతున్నాయట, ఆయన టెన్షన్‌లో ఉండి ఇంకేమీ అడక్కుండా యూపీఐలో డబ్బు పంపేశారు. నేనున్నా పంపేదాన్నేమో, అంత బాగా కనబడింది.

సరిగ్గా ఇరవై నాలుగో రోజు తెల్ల సిలికాన్ లోపలి నుంచి బూడిదరంగు నీడ కనబడింది. తర్వాతి వారానికి అది నలుపు. పైన తోమితే ఏమీ రావడం లేదు, లోపల ఉంది. గ్లాస్ మూల దగ్గర కొస లేచినట్టుంటే గోటితో లాగాను, పట్టీలాగా మొత్తం ఊడి చేతికొచ్చింది. దాని కింద మా పాత నల్ల సిలికాన్ ఎక్కడిదక్కడే, అలాగే ఉంది! ఒక్క ముక్క కూడా కోయలేదు, దాని మీదే కొత్తది పూసి వెళ్ళిపోయారు.

సిలికాన్ పని చేసే ఏ మంచి మేస్త్రీని అడిగినా చెప్తాడు, గట్టిపడిన పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా అతుక్కోదు. పైన పట్టినట్టు ఉంటుంది, కొన్నాళ్ళకి అంచు లేస్తుంది, ఆ సందులోకి నీళ్ళు దిగి ఆరే దారి లేక అక్కడే ఉంటాయి, లోపలున్న బూజుకి ఇంకేం కావాలి. అంటే నేను డబ్బిచ్చి బూజుకి కప్పు వేయించాను. ఫోన్ చేస్తే అటువైపు ఆయన, గ్యారంటీ సిలికాన్ ఊడిపోతేనే మేడమ్, ఫంగస్‌కి కాదు అన్నాడు. ఊడింది కదా, చేతిలోనే ఉంది అంటే, మీరు లాగారు కాబట్టి వర్తించదన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇప్పుడు మీకు ఉపయోగపడే సంగతి. నలుపు పైపైన ఉంటే అసలు ఎవర్నీ పిలవక్కర్లేదు. టిష్యూ కాగితాన్ని తాడులా చుట్టి, బ్లీచ్‌లో తడిపి ఆ సిలికాన్ గీత పొడవునా అంటించి కొన్ని గంటలు వదిలేయండి. గ్లౌజులు వేసుకోండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి తలుపు తెరిచి పెట్టండి, ఆస్తమా ఉన్నవాళ్ళని ఆ పూట ఇంకో గదిలో ఉంచండి. విడిగా పోస్తే బ్లీచ్ జారిపోతుంది, ఇలా అయితే ఆ చోటే నానుతుంది. దానికీ పోలేదంటే బూజు లోపలికి దిగినట్టే, అప్పుడు ఏ మందూ పనిచేయదు, కోసి తీసేయాల్సిందే.

మేం రెండోసారి ఒక పెద్ద వయసు మేస్త్రీతో చేయించాం. ఆయన రెండు పూటలు తీసుకున్నాడు, మొదటి పూట మొత్తం కోయడానికే పోయింది. కట్టర్ బ్లేడుతో గీత రెండు పక్కలా కోసి, పట్టీ లాగేసి, మిగిలిన పొరలు గీకి, బ్లీచ్ పెట్టి, కడిగి, స్పిరిట్‌తో తుడిచాడు. "రేపు వస్తా, అప్పటిదాంక నీళ్ళు తగలనీయకుండ్రి" అని వెళ్ళిపోయాడు. ఒక రోజంతా ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. మర్నాడు రెండు పక్కలా టేపు అంటించి సిలికాన్ కొట్టి, సబ్బు నీళ్ళలో ముంచిన వేలితో ఒక్క గీతగా లాగి, తడి ఆరకముందే టేపు తీశాడు. ఇంకో రోజంతా స్నానం వద్దన్నాడు. సిలికాన్ గట్టిపడేది రోజుకి సుమారు రెండు మూడు మిల్లీమీటర్ల మందం మాత్రమే, అందుకే సాయంత్రానికి వాడుకోవచ్చు అని చెప్పేవాడిని నమ్మకండి.

ట్యూబు నేనే వెళ్ళి రాణిగంజ్‌లో కొన్నాను. బాత్రూమ్‌కి శానిటరీ సిలికాన్ అని విడిగా దొరుకుతుంది, అందులో బూజు పట్టకుండా మందు కలిపి ఉంటుంది. మామూలు జనరల్ పర్పస్ ట్యూబులో అది ఉండదు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కొట్టాక అస్సలు తేడా తెలియదు. కాబట్టి ట్యూబు మీద రాసింది, ఎక్స్‌పైరీ తేదీ మీరే చదవండి. కొట్టేటప్పుడు వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తే అది అసిటిక్ రకం, గ్లాసుకీ టైల్స్‌కీ పరవాలేదు కానీ మార్బుల్ ఉన్నచోట వద్దు, రాయి మచ్చ పడుతుంది. అక్కడ న్యూట్రల్ రకం అడగండి. మొదటివాళ్ళు మా ఇంట్లో ఏది వాడారో ఇప్పటికీ తెలియదు, ఖాళీ ట్యూబులు కూడా వాళ్ళే పట్టుకుపోయారు. పాత సిలికాన్ ముక్కలూ, ఖాళీ ట్యూబూ రెండూ మీ ఇంట్లోనే వదలమని పని మొదలు కాకముందే చెప్పండి. ఈ రెండూ కళ్ళతో చూశాకే డబ్బులివ్వండి. వాళ్ళు తెచ్చిన ప్రతి సీసా, క్యాను ఏమిటో అడగండి, లేబుల్ లేనిదాన్ని ఇంట్లోకి రానివ్వకండి, మొహమాటపడకండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. వాట్సాప్‌లో గ్యారంటీ అని రాసిన మెసేజ్, యూపీఐ రసీదు, ఊడిన పట్టీ ఫొటోలు, ఆసుపత్రి బిల్లు అన్నీ దాచాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు చెల్లించిన వాటికి అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. నోటి మాట గ్యారంటీకి సాక్ష్యం ఉండదు కాబట్టి మీరు కూడా మెసేజ్‌లో రాయించుకోండి.

నిన్న లిఫ్టులో రెండో అంతస్తు ఆవిడ కలిశారు. ఆదివారానికి వీళ్ళనే బుక్ చేసుకున్నారట, ఇంట్లో ఏడాది పాప. పాత సిలికాన్ కోసి తీస్తారా అని ఒక్క మాట ఫోన్ చేసి అడగమన్నాను. నా ముందే స్పీకర్‌లో పెట్టి అడిగారు. "అదంతా అవసరం లేదు మేడమ్, పైనుంచి కొట్టేస్తాం, రెండు గంటల్లో అయిపోతది" అన్నారు. ఆవిడ అక్కడే క్యాన్సిల్ చేశారు, మా మేస్త్రీ నంబర్ ఇచ్చాను.