శుక్లం ఆపరేషన్: క్యాంపు బస్సా, నల్లగొండ ప్రైవేటా?

మా అమ్మకు రెండో కన్ను శుక్లం తీయించాలి. దేవరకొండ దగ్గర మా ఊరికి క్యాంపు బస్సు వస్తుంది, ఎక్కితే హైదరాబాద్ తీసుకెళ్లి ఫ్రీగా చేసి మర్నాడు దింపేస్తారు. లేదంటే నల్లగొండలో డబ్బులు కట్టి చేయించుకోవాలి. చుట్టాలు తలా ఒక మాట చెప్తున్నారు కానీ ఫ్రీ అంటే ఇన్‌ఫెక్షన్, డబ్బు కడితే భద్రం అనే లెక్క మాత్రం తప్పు.

కంటి లోపలికి పోయే బ్యాక్టీరియా చాలావరకు మన రెప్పల మీదదే. అందుకే కోతకు ముందు క్రిములను చంపే 5 శాతం పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేసి కనీసం 3 నిమిషాలు ఆగాలి, చివర్లో కంటి లోపలికే యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఎంతోమందికి ఉచితంగా చేసే అరవింద్ కంటి ఆసుపత్రులు 6 లక్షల ఆపరేషన్ల లెక్క తీసి 2017లో ప్రచురించాయి: కంటి లోపల మోక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వనప్పుడు 10 వేల మందిలో సుమారు 7గురికి ఇన్‌ఫెక్షన్, ఇచ్చాక 2కు తగ్గింది.

బ్యాక్టీరియా లోపలికి పోయే ఇంకో దారి, ఆపరేషన్‌లో కన్ను కడిగే సెలైన్. 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి ఆసుపత్రిలో అదే కలుషితమై ఒకేసారి పదిమందికి పైగా ఇబ్బంది పడ్డారు. ఒకేరోజు ఎక్కువమందికి చేసేచోట ఇలాంటి తప్పు జరిగితే నష్టం కూడా ఎక్కువమందికే, అయితే చెడ్డ సీసా ప్రైవేటుకూ రావచ్చు.

నాకు అసలు తేడా కనబడింది ఆపరేషన్ తర్వాతే. మొదటి కన్ను క్యాంపులోనే చేయించాం. మూడో రోజు పొద్దున అమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "నిన్న కనబడ్డ కిటికీ ఊచలు ఇయ్యాల మసగ్గా ఉన్నయ్ బిడ్డా" అంది. కన్ను ఎర్రగా ఉంది. చేసినచోట ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఆర్టీసీ బస్సులో నల్లగొండకు తీసుకెళ్తే, అదృష్టం, వాపే అన్నారు. ఇన్‌ఫెక్షన్ అయ్యుంటే అదే రోజు కంట్లో ఇంజెక్షన్ పడాలి, ఒక పూట ఆలస్యమైనా చూపు పోవచ్చు.

అందుకే ఈసారి నల్లగొండే. మీ దగ్గర క్యాంపు వాళ్లకు పక్క టౌన్‌లో చెకప్ సెంటర్ ఉండి, రాత్రి కూడా ఫోన్ ఎత్తే మనిషి ఉంటే నిశ్చింతగా బస్సెక్కండి. ఎక్కడైనా సరే, ఆపరేషన్ చివర్లో కంటి లోపల యాంటీబయాటిక్ ఇస్తారా, ఒక్కొక్కరికి విడిగా స్టెరిలైజ్ చేసిన సామాను వాడతారా, నొప్పొస్తే రెటీనా (కంటి లోపలి పొర) డాక్టర్ ఎంతసేపట్లో దొరుకుతారు, ఈ మూడూ మొహమాటపడకుండా అడగండి.

అమ్మకు షుగర్ ఉంది, అది అదుపులోకి వచ్చాకే తేదీ తీసుకుంటాం. ఆ వారమంతా నల్లగొండలో చెల్లె వాళ్లింట్లోనే, నేను పక్కనే ఉంటా.