పని పూర్తయ్యేదాకా నిలబడే కెమెరా: డాక్యుమెంటరీలు, చిన్న చిత్రాలపై ఒక మామూలు ప్రేక్షకుడి సమీక్ష

గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి భోజనాలయ్యాక దొరికే సమయంలో చాలా ఏళ్లుగా డాక్యుమెంటరీలను, థియేటర్లో వారం రోజులైనా నిలవని చిత్రాలను చూస్తూ వస్తున్నాను. సినిమా గురించి శాస్త్రీయంగా చదువుకున్నది ఏమీ లేకపోయినా, ఇంతకాలం చూశాక నాకంటూ ఒక కొలత ఏర్పడింది. తెరమీద ఒక మనిషి తన పని తాను చేసుకుంటున్నప్పుడు దర్శకుడు ఆ పని పూర్తయ్యేదాకా ఓపిక పట్టాడా, లేక రెండు క్షణాలు చూపించి వ్యాఖ్యానంలోకి దూకాడా అన్నదే ఆ కొలత. ఓపిక పట్టిన చిత్రాలు మళ్లీ చూసినప్పుడు కూడా నిలిచాయి. మిగిలినవాటిలో చాలావరకు పేర్లు కూడా మరిచిపోయాను.

ఈ కొలతకు అన్నిటికంటే బాగా తూగినది ‘హనీలాండ్’ (2019). ఉత్తర మాసిడోనియాలో కరెంటు లేని ఒక కొండపల్లెలో, మంచాన పడిన తల్లిని చూసుకుంటూ తేనెటీగలను పెంచే హాతిజే అనే స్త్రీ కథ ఇది. పట్టులోని తేనెలో సగం తాను తీసుకుని సగం ఈగలకు వదిలేయడం ఆమె నియమం. పక్కన వచ్చి చేరిన ఒక పెద్ద కుటుంబం అప్పులవాడి ఒత్తిడికి లొంగి ఆ నియమాన్ని తప్పుతుంది. వాళ్ల ఈగలు వచ్చి ఆమె ఈగలమీద పడతాయి. దర్శకులు తమారా కొటెవ్‌స్కా, ల్యూబొమిర్ స్తెఫనోవ్ మూడేళ్లపాటు చిత్రీకరించి, 400 గంటలకు పైబడిన దృశ్యాలనుంచి గంటన్నర సినిమా తయారుచేశారు. ఆస్కార్‌లో డాక్యుమెంటరీ, అంతర్జాతీయ కథాచిత్రం విభాగాలు రెండింటిలోనూ ఒకేసారి నామినేషన్ పొందిన మొదటి చిత్రం ఇదే. అయితే నన్ను కట్టిపడేసింది ఆ ఘనత కంటే, ఆమె చేతికి తొడుగు లేకుండా రాతి సందులోంచి పట్టును బయటికి తీసే దృశ్యం. అక్కడ ఎవరూ ఏమీ వివరించరు, ఆమె ఎంత నేర్పరో ఆ చేతుల కదలికే చెబుతుంది. అత్యాశ వల్ల ఏం జరుగుతుందో కూడా ఇంతే నిదానంగా చూపించారు కనుక పొరుగువాడిమీద నాకు కోపం రాలేదు, అతని పిల్లల సంఖ్య చూసి జాలి కలిగింది.

మన దేశపు చిత్రాల్లో షౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ (2022) దీనికి దగ్గరగా వస్తుంది. ఢిల్లీలో ఇద్దరు అన్నదమ్ములు సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసుకునే సెల్లారులోనే గాయపడిన గద్దలకు వైద్యం చేస్తుంటారు. ఆ గాయాల్లో చాలా వాటికి కారణం గాలిపటాల మాంజా. సంక్రాంతి రోజుల్లో మన డాబాలమీద కూడా ఎగిరే దారం అదే కావడంతో, ఈ సినిమా చూశాక మా వీధి పిల్లలతో ఆ విషయం పనిగట్టుకుని మాట్లాడాను. సన్డాన్స్, కాన్ చిత్రోత్సవాలు రెండింటిలోనూ దీనికి బహుమతులు వచ్చాయి. చిత్రం అక్కడక్కడ మరీ అందంగా ఉండాలని తాపత్రయపడుతుందని మాత్రం నాకు అనిపించింది. ఊరంతా ఉద్రిక్తంగా ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో జరిగే మామూలు మాటలే నాకు ఎక్కువ విలువైనవి. రాహుల్ జైన్ తీసిన ‘మెషీన్స్’ (2016) ఇంకా కటువైనది. గుజరాత్‌లోని ఒక బట్టల మిల్లులో పన్నెండు గంటల షిఫ్టులు, నిద్ర ఆపుకోలేక తూలిపోయే కుర్రవాడు, యంత్రాల హోరు తప్ప నేపథ్య సంగీతం లేని గంటకు పైగా నిడివి. చివర్లో కార్మికులు గుమిగూడి, మా కోసం నువ్వేం చేస్తావని దర్శకుణ్నే నిలదీస్తారు. ఆ ప్రశ్నను కత్తిరించకుండా ఉంచినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఆస్కార్ అందుకున్న ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ మనసుకు హాయిగా ఉంటుంది, బొమ్మన్, బెల్లి దంపతులకు ఏనుగు పిల్లతో ఉన్న అనుబంధం నిజమైనదని తెలుస్తూనే ఉంటుంది. కానీ ఎప్పుడు కరగాలో సంగీతమే ముందుగా చెప్పేయడం వల్ల రెండోసారి చూసినప్పుడు నాకు పట్టు సడలింది. ఇక నాలుగైదు భాగాలుగా సాగదీసిన నేరాల డాక్యుమెంటరీలను చూడటం మానేశాను. వాటిలో విషయం ఒక్క గంటకు మించి ఉండదు.

తెలుగులో ఇలాంటి ఓపిక ఎప్పటినుంచో ఉంది, మనమే పట్టించుకోలేదు. బి. నరసింగరావు తీసిన ‘దాసి’ (1988)లో దొర గడీలో చాకిరీ చేసే కమలాక్షికి మాటలు చాలా తక్కువ. రోజంతా ఎవరో ఒకరు పిలవడం, ఆమె పరుగెత్తడం, పని అయ్యేలోపే మరో పిలుపు రావడం, ఇదే వరస. ఆ అలసటను అర్చన నడకలో చూపించింది. జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెకు దక్కడం ఎంతో న్యాయం. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977). ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారంగా వచ్చిన ఈ చిత్రంలో వెంకయ్య పని చేయనని మొండికేస్తాడు, చేసిన కష్టమంతా భూస్వామి ఇంటికే చేరుతుందని అతని వాదం. వాసుదేవరావు నటన చూస్తున్నంతసేపూ ఆ వాదానికి నేను తలూపుతూనే ఉన్నాను, తీరా ఆ ఇంట్లో పనంతా కోడలి నెత్తిన పడటం చూశాక ఊపిన తల ఆగిపోయింది. ఒకే సినిమాలో ఒక మాటను ఒప్పించి, దాని మూల్యం ఎవరు చెల్లిస్తారో చూపించిన తెలుగు చిత్రం నాకు మరొకటి కనబడలేదు.

ఈమధ్య వచ్చినవాటిలో ‘మల్లేశం’ (2019) ఇంటిల్లిపాదీ చూడదగినది. చింతకింది మల్లేశం కనిపెట్టిన ఆసు యంత్రం కథ ఇది. ఒక్కో పోచంపల్లి చీరకు కొన్ని వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పి దారం చుట్టాల్సిన తల్లి భుజం నొప్పే ఆ యంత్రానికి మూలం. మంగళగిరి నేతలో దారాన్ని ముందే ముడివేసి రంగులద్దే చిటికీ పద్ధతి లేదు కనుక అక్కడ ఆసు కనిపించదు, అయినా గుంటమగ్గం మీద బతికిన మంగళగిరి మిత్రుడొకరు, తల్లిగా నటించిన ఝాన్సీ భుజం పట్టుకునే దృశ్యం వద్ద కాసేపు మాట్లాడలేకపోయారు. మా మిర్చి యార్డు చుట్టుపక్కల తాలు కాయలు ఏరుతూ, ఘాటుకు ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చునే ఆడవాళ్ల మీద కూడా ఇంత శ్రద్ధగా ఎవరైనా ఒక చిత్రం తీయాలని నా బలమైన కోరిక.

అందుబాటు విషయంలో నిరాశే ఎక్కువ. పాత తెలుగు చిత్రాలకు నాకు దొరికిన ప్రతులు మసకబారినవి, మాట సరిగా వినబడనివి. విదేశీ డాక్యుమెంటరీలకు తెలుగు ఉపశీర్షికలు అరుదుగా కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరాలను అంత వేగంగా చదవలేని మా అమ్మకు ‘హనీలాండ్’ను నేను ఆపి ఆపి చెప్పాల్సి వచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ‘మల్లేశం’, తర్వాత ‘హనీలాండ్’ చూస్తే మంచిది. ‘మెషీన్స్’ను ఫోనులో చూడవద్దు, ఆ హోరు పెద్ద స్పీకర్లలో వినాలి. మన కృష్ణా జిల్లాలో పుట్టిన కూచిపూడి నాట్యం చుట్టూ నడిచే రజనీష్ దోమలపల్లి ‘వనజ’ (2006)లో కొత్త నటి మమత భూక్యా నృత్యం చూసి తీరవలసినది. అయితే అందులో ఆ బాలికపై అత్యాచారం కథలో భాగం కనుక పిల్లలతో కలిసి కూర్చునే ముందు పెద్దలు ఒకసారి చూసుకోవాలి.